మామ్మగారి అరుగు

రాష్ట్రం విడిపోయిన మరుసటేడు నన్ను జగ్గయ్యపేట నుంచి నందిగామకు టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజరుగా వేశారు. అద్దెకు దిగిన వీధి చూడముచ్చటగా ఉండేది. పెంకుటిళ్ళు, గుమ్మాల ముందు నున్నటి అరుగులు, సాయంత్రమైతే వాటి మీద కబుర్లు. రాజధాని దగ్గర్లో వస్తుందనేసరికి అందరి కన్నూ ఆ వీధి మీద పడింది. మేడలు లేచాయి, కార్లు వచ్చాయి, దారి చాలలేదు. విస్తరణ పని నాకే అప్పగించారు.

మా పనిలో మార్కింగ్ అంటే, రోడ్డు మధ్య నుంచి రెండువైపులా టేపు పట్టి, హద్దు దాటిన కట్టడం మీద ఎర్ర గీత వేయడం. అరుగులన్నీ హద్దు దాటే ఉన్నాయి. నేనుండే ఇంటిదీ అంతే. "సూపర్‌వైజరుగారి ఇల్లు వదిలేస్తార్లెండి" అని ఎవరో అననే అన్నారు. నాకు పౌరుషం వచ్చింది. నోటీసుల గడువు తీరగానే, కొట్టడం ముందు మా గుమ్మం దగ్గరే మొదలుపెట్టమన్నాను.

ఇల్లు నాది కాదు. వెనక వాటాలో ఉండే సుందరమ్మగారిది. మోకాళ్ళ నొప్పులతో వీధి చివరిదాకా కూడా నడవలేని మనిషి. పొద్దస్తమానం ఆ అరుగు మీదే ఉండేది. కూరలమ్మి దగ్గర్నుంచి బస్సుకు పోయే ఆడపిల్లల దాకా ఆవిణ్ణి పలకరించకుండా దాటేవాళ్ళు కారు.

"మిగతావాళ్ళవి కొట్టేటప్పుడే నాదీ కొట్టండి బాబూ. అందాకన్నా కూచుంటా" అందావిడ.

"ముందు మనదే పోవాలండీ మామ్మగారూ. లేకపోతే నన్నెవరు నమ్ముతారు?" అన్నాను.

మధ్యాహ్నానికల్లా అరుగు పోయింది. వీధివాళ్ళు నా నిజాయితీని తెగ మెచ్చుకున్నారు. నేనూ ఉబ్బిపోయాను. ఆ వారంలోనే వాళ్ళు కోర్టుకెళ్ళి స్టే తెచ్చుకున్నారు. ఎక్కడి పని అక్కడ ఆగింది. మిగతా అరుగులన్నీ నిలిచాయి. మా గుమ్మం దిగితే మాత్రం మురుగుకాలవే, కుర్చీ వేసుకోవడానికైనా చోటు లేదు. నా ఖర్చుతో మళ్ళీ కట్టిస్తానన్నాను.

"స్టే ఉండగా కొత్తగా కట్టకూడదని మీరే అందరికీ చెప్పారు కదండీ" అని ఆవిడ వెనక వాటాలోకి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ అరుగుల ముచ్చట చూసి జనం ఆ వీధిలో ఇళ్ళకు ఎగబడుతున్నారు. రిటైరయ్యాక ఒకసారి ఆవిణ్ణి చూడబోయాను. "లోపలికి రండి బాబూ. బయట కూచోబెడదామంటే చోటు లేదు" అంది. ఎత్తిపొడుపేమీ లేదు ఆ మాటలో. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

ఉద్యోగంలో నిజాయితీ చూపించుకోవాలనుకునేవాడు తన సొత్తుతో చూపించుకోవాలి. ఆ రోజు నాది పోయింది ఏమీ లేదు.