నిశ్చితార్థపు బిస్కెట్ల డబ్బా

రేకు మీద గీత గీయడానికి బీచూ పెన్సిలు వాడదు. పాత కుట్టుమిషను సూదిని చెక్కపిడిలో బిగించి పెట్టుకుంది. ఆ పొద్దున ఆ సూది ఒక ఎర్ర డబ్బా మూత మీద, అచ్చువేసిన పెద్ద పువ్వు అంచు వెంబడి నెమ్మదిగా నడుస్తోంది. గాలికి రంధ్రాలు ఎక్కడ పడాలో ఆ గీతను బట్టే. పువ్వు మధ్యలో పడితే బొమ్మ పాడవుతుంది. అంచు వెంటే పడితే పువ్వుకి జరీ కుట్టినట్టు ఉంటుంది.

అది నిశ్చితార్థపు డబ్బా. పెళ్ళి కుదిరినప్పుడు పంచే బిస్కెట్లు అలాంటి డబ్బాల్లోనే వస్తాయి. బిస్కెట్లు వారం తిరక్కుండా అయిపోతాయి, డబ్బా మాత్రం ఆ కాపురమంత కాలం ఉంటుంది. వాళ్ళుండే సాన్‌చోంగ్‌లో అది లేని ఇల్లు లేదు. ఒకరింట్లో గుండీలు, ఒకరింట్లో మందులు, ఒకరింట్లో కరెంటు బిల్లులు దాచుకుంటారు. ఇందులో ఆటల కంప్యూటరు పట్టాలి.

డబ్బా తెచ్చినవాడు యెన్‌తింగ్. సందు మలుపులో వాళ్ళక్క నడిపే టిఫిన్ కొట్లో పొద్దున్నే గుడ్డు అట్లు వేస్తాడు. కొట్టు మూశాక ఇక వాడి లోకమంతా ఒక పోరాటాల ఆటే. శనివారం దూరాన కావోషుంగ్‌లో ఆ ఆటకి పోటీ ఉంది. ఎవరి యంత్రం వాళ్ళే మోసుకెళ్ళాలి. పోయినేడు అరువు తెచ్చుకున్న కంప్యూటరు ఆఖరి ఆటలో వేడెక్కి ఆగిపోయింది. చేతిదాకా వచ్చిన గెలుపు అలాగే పోయింది. ఈ పోటీ అయిన రెండోరోజే, ఆ దేశంలో మగపిల్లలందరికీ తప్పని సైనిక శిక్షణకి వెళ్ళాలని కబురొచ్చింది. అక్కణ్ణించి తిరిగొచ్చేసరికి వేళ్ళలో ఈ వేగం ఉండదని వాడి బెంగ. ఆ ఆటలో పాతికేళ్ళకే ముసలివాళ్ళ కింద లెక్కట. అందుకని ఈసారి తప్పితే మరి లేదు.

లోపలి సామానంతా కొనిచ్చింది వాళ్ళక్కే. బస్సులో ఒళ్ళో పెట్టుకుపోయేంత చిన్న పెట్టె కావాలని తమ్ముడు తెగ వెతుకుతుంటే, అటక మీద నుంచి తన డబ్బా దించి ముందు పడేసింది. నా బిస్కెట్లన్నీ మింగింది నువ్వేగా, డబ్బా కూడా నువ్వే పట్టుకుపో అందట.

బీచూ డబ్బాని తిప్పి చూసి, గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని విన్నది. రేకు మరీ పలచన. ఫ్యాన్లు తిరిగితే డోలులా మోగుతుంది. టంకం వేడి తగిలితే రంగు పొక్కుతుంది. ఇవన్నీ వాడికి చెప్పలేదు. గురువారానికి ఇస్తానని మాత్రం చెప్పింది.

బీచూ పుట్టింది యున్‌లిన్‌లో, వెల్లుల్లి పొలాల మధ్య. కోడలిగా వచ్చి పడింది ఈ రేకు పనివాళ్ళ ఇంట్లో. మామగారు నూడుల్స్ కొట్లకి పొగ గూళ్ళు, గొట్టాలు చేసేవాడు. పని నేర్పడం ఆయనకి చేతకాదు. తిట్టడం మాత్రం బాగా వచ్చు. అదీ పనివాళ్ళనే, కోడలితో పని సంగతే ఎత్తేవాడు కాదు. ఆమె నేల ఊడ్చేటప్పుడు రేకు తుంపులు ఏరి దాచుకునేది. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే వాటిని మడిచి చెత్త ఎత్తే చేటలు చేసేది. మొదట్లో చేసినవి వంకరగా ఉండి చెత్త పక్కనుంచి జారిపోయేది. తర్వాత్తర్వాత సంతలోవాళ్ళు వాటికోసం అడుగుతూ వచ్చేవాళ్ళు. ఒకనాడు మామగారు ఒక చేట తీసి, దాని మూలమడత మీద బొటనవేలు రాసి చూశాడు. మర్నాడు తన పెద్ద కత్తెర తెచ్చి ఆమె బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆయన లేడు. గొట్టాలు ఎక్కించే పని భర్త చూసుకుంటాడు, కోసి మడిచే పనంతా బీచూది.

పొగ గూళ్ళ దగ్గరే ఆమెకి గాలి సంగతి అబ్బింది. గొట్టం ఎంత పెద్దది పెట్టినా పొగ కొట్లోనే తిరుగుతోందంటే తలుపు మూసి ఉందన్నమాట. గాలి బయటికి పోవాలంటే ముందు లోపలికి రావాలి. ఈ ఒక్క ముక్క తెలియక బోలెడంత రేకు తగలేసిన వాళ్ళని ఆమె చూసింది.

కంప్యూటర్ల పని దానంతటదే వచ్చింది. పక్కింటి కాలేజీ పిల్ల సొట్టపడ్డ పెట్టె తెచ్చి సరిచేయమంది. బీచూ సొట్ట తీసి, అడక్కుండానే వెనకవైపు రెండు వరసల రంధ్రాలు వేసిచ్చింది. ఆ పిల్ల స్నేహితులు వచ్చారు, వాళ్ళ స్నేహితులు వచ్చారు. అదొక వింత జాతి. పెట్టె ఎంత చిన్నదైతే అంత గొప్ప వాళ్ళకి. పాలు కొలిచినట్టు పెట్టెల్ని లీటర్లలో కొలుస్తారు. అర లీటరు తగ్గించామని పండగ చేసుకుంటారు. బీచూ ఇప్పటికీ ఒక్క ఆట ఆడలేదు. తన పెట్టెలో తిరిగే ఫ్యాను చప్పుడు బట్టి మాత్రం లోపల ఏది సుఖంగా ఉందో, ఏది ఉక్కిరిబిక్కిరవుతోందో చెప్పగలదు.

ఎర్ర డబ్బాకి ఆమె ముందుగా చేసింది లోపలి ఎముక. దళసరి అల్యూమినియం రేకుని మడిచి, డబ్బా మధ్యలో అడ్డుగోడలా నిలబెట్టింది. గోడకి ఒక పక్క మదర్‌బోర్డు, దాని మీద ప్రాసెసరు, బల్లపరుపుగా ఉండే ఫ్యాను. రెండో పక్క గ్రాఫిక్స్ కార్డు. రెంటినీ కలుపుతూ గోడ కింద నుంచి రిబ్బన్ లాంటి కేబులు. చివర పవర్ సప్లై. బరువంతా గోడే మోస్తుంది, డబ్బా పైకి చొక్కా మాత్రమే. గోడ డబ్బాని తాకే ప్రతిచోటా పాత సైకిల్ ట్యూబు ముక్కలు కోసి అంటించింది. దాంతో మోత పోయింది.

రంధ్రాల దగ్గర రెండు రోజులు పట్టింది. పలచని రేకుని డ్రిల్లు తొలచదు, పట్టుకుని చింపుతుంది. అందుకని మూతని రెండు చెక్కల మధ్య బిగించి, చెక్కతో కలిపి తొలిచింది. ప్రతి రంధ్రాన్నీ లోపలివైపు నుంచి సన్నటి ఆకురాయితో రాసింది. కోసిన అంచులు వేలికి తగలకుండా సన్న తీగ పెట్టి చుట్టేసింది. గాలి రావడానికి అడుగున, పోవడానికి పైన. పువ్వులో ఒక్క రేక కూడా చెడలేదు.

గురువారం పొద్దున మూత బిగించి నడిపి చూసింది. చక్కగా నడిచింది. స్క్రూలు ఇంకోసారి బిగిద్దామని మూత తీసి, భోజనానికి పిలుపొస్తే అలాగే వదిలి లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చి బిగించి మూత వేసింది. అప్పటికే యెన్‌తింగ్ చేతికంటిన నూనె ప్యాంటుకి తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. ఆ సాయంత్రం బస్సుకే వాడి ప్రయాణం.

బల్ల మీద తెర పెట్టి వాణ్ణి ఆడుకోమంది. అరుగు మీద ఆమె అత్తగారు చిలగడదుంప ఆకు తుంచుతూ, తెర మీద తన్నుకునే బొమ్మల్ని చూస్తూ, ఆ ఎర్రబట్టల పిల్లకి తిండి సరిగ్గా పెట్టట్లేదా, అంత పీలగా ఉందేమని అడిగింది. వాడు నవ్వాడు. కాసేపటికి డబ్బాలోంచి సన్నగా టకటకమని చప్పుడు. ఆ తర్వాత తెర నల్లబడింది.

యెన్‌తింగ్ చేతులు మీటల మీదే ఉండిపోయాయి.

"పోయినసారీ ఇలాగే అయిందక్కా," అన్నాడు. "ముందు చప్పుడు. తర్వాత ఇదిగో, ఇదే."

"పోయినసారి యంత్రం నేను చేశానా?" అంది బీచూ.

వేడిమీద రేకు ముట్టుకోకూడదన్నది ఆ ఇంటి నియమం. చల్లారేదాకా ఆగి మూత తీసింది. గ్రాఫిక్స్ కార్డు పక్క తీగలేమైనా జారాయేమో చూసింది. అన్నీ కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. మూత లేకుండా నడిపింది. చప్పుడు లేదు, ఎంతసేపు ఆడినా ఏమీ కాలేదు. మూత వేసింది. మళ్ళీ టకటక, మళ్ళీ చీకటి.

మూత లేకుండానే పట్టుకుపోతానన్నాడు వాడు. బస్సులో దానిమీద వాళ్ళక్క శాలువా కప్పుతానన్నాడు.

"మూత లేని డబ్బా మా ఇంట్లోంచి పోదు," అంది బీచూ. "నోరు మూసుకుని కూచో. నన్ను విననీ."

మూడోసారి నడిపి, స్క్రూడ్రైవరు కొన డబ్బాకి ఆనించి పిడి చెవికి పెట్టుకుంది. బేరింగు అరిగిన చప్పుడు ఇలా ఉండదు. తీగ తగిలినా ఇలా ఉండదు. ఏదో మెత్తటి దాన్ని ఫ్యాను రెక్క నాకుతున్నట్టుంది. పొద్దున ఇది లేదు. పొద్దుటికీ ఇప్పటికీ తను మార్చిందేమీ లేదు. చల్లారాక తీస్తే కనబడటం లేదంటే, అది వేడిమీదే ఉంటుందన్నమాట.

ప్లగ్గు లాగేసి, మామగారి నాటి నియమం పక్కనపెట్టి, చేతికి గుడ్డ చుట్టుకుని అప్పటికప్పుడు మూత ఊడదీసింది. వేళ్ళు చురుక్కుమన్నాయి. మదర్‌బోర్డు పక్క, కేబుళ్ళ వెనక సందులోంచి, గాలి ఊదిన బుడగలా ఉబ్బి, ఫ్యానుని ఒత్తుతూ ఒక ఆకుపచ్చ పొట్లం కనబడింది. కొబ్బరి రుచి మొక్కజొన్న చిరుతిండి. రెక్క గీరి దాని మీది రంగు లేచిపోయింది.

ఆ పొట్లం లేని యంత్రం ఆ ఊళ్ళో లేదు. బ్యాంకులో డబ్బులిచ్చే మిషను మీద ఉంటుంది, ఆసుపత్రిలో స్కానింగు మీద ఉంటుంది, బీచూ రేకు కోసే మిషను మీదా ఉంటుంది. ఆ చిరుతిండి పేరుకే బుద్ధిగా ఉండమని అర్థం, అది పెడితే యంత్రం మొరాయించదని నమ్మకం. ఆకుపచ్చదే పెట్టాలి, గడువు తీరినది పెట్టకూడదు. అయితే ఎవరైనా దాన్ని యంత్రం మీద పెడతారు. లోపల పెట్టినవాళ్ళు లేరు.

బీచూ పొట్లం పట్టుకుని అరుగు వైపు చూసింది. అత్తగారు ఆకు తుంచడం ఆపలేదు.

"అత్తయ్యా, ఇది మీరేనా?"

"నేనే. నువ్వు భోంచేస్తుంటే పెట్టా. పిల్లాడికి పోటీ ఉందన్నావుగా."

"లోపల పెట్టారేంటి? పైన పెట్టొచ్చుగా."

"బిస్కెట్ల డబ్బాయేగా అది. తినేది లోపల కాక నెత్తి మీద పెడతారుటే?" అంది ముసలావిడ. "తారీఖు కూడా చూసే పెట్టా."

యెన్‌తింగ్‌కి ముందు నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకున్నాడు. బీచూ నవ్వలేదు. అత్తగారిని అనడానికి లేదు. చూడకుండా మూత వేసింది తనే. వేడికి పొట్లంలో గాలి ఉబ్బుతుంది, చల్లారితే అణిగి సందులోకి జారుకుంటుంది. మూత తీసి నడిపితే ఆ వేడే నిలవదు. చల్లారాక వెతికితే దొరుకుతుందా?

పొట్లం తీసేసింది గనక ఇక ఇచ్చి పంపేయొచ్చు. ఆమె పంపలేదు. కావోషుంగ్‌లో ఎవరో ఒకరు పొట్లం ఇస్తారు. వాళ్ళక్కయినా బస్సెక్కించేటప్పుడు సంచిలో పడేస్తుంది. వీడు దాన్ని తీసుకెళ్ళి పైన, గాలి పోయే పువ్వు మీదే పెడతాడు. వద్దంటే వింటాడా? పెట్టకపోతే వాడి వేళ్ళు వణుకుతాయి. నమ్మకానికి చోటు చూపించకపోతే అది దొరికిన సందులో దూరుతుంది.

మిగిలిన అల్యూమినియంలో ఒక తుంపు తీసుకుంది. పొట్లాన్ని దానిమీద పరిచి సూదితో చుట్టూ గీత గీసింది. మూడువైపులా మడిచి, అంచులు లోపలికి తిప్పి, చెక్కసుత్తితో రెండు దెబ్బలు వేసింది. చిన్న అర తయారైంది. రంధ్రాల్లేని వెనక పక్కకి, డబ్బా బయటే, గాలి దారికి దూరంగా, సన్న రివెట్లతో బిగించింది. ఇంట్లోంచి కొత్త పొట్లం తెప్పించి అందులో దూర్చింది. అతికినట్టు కూర్చుంది. పట్టుకుని ఊపినా కదల్లేదు.

"నెత్తి మీద కాకుండా వీపున కట్టావు, పసిబిడ్డలాగా," అంది అత్తగారు, దగ్గరికొచ్చి చూసి. తప్పు పట్టడానికి ఇంకేమీ దొరక్క మళ్ళీ ఆకు దగ్గరికి వెళ్ళింది.

మళ్ళీ నడిపారు. యెన్‌తింగ్ ఈసారి నిజం పోటీలో ఆడినట్టే ఆడాడు, మెడ వంచి, పెదవి కొరుక్కుంటూ. ఎదురు సందులో కూరల బండి వచ్చి బేరాలు ముగించుకుని వెళ్ళిపోయింది. భర్త గొట్టాలు ఎక్కించి ఇంటికొచ్చి, స్నానం చేసి, వాడి వెనక నిలబడి ఆట చూడసాగాడు. డబ్బాలోంచి నిద్రపోతున్న పిల్లి గురకంత చప్పుడు మాత్రం వస్తోంది. పువ్వు మీద అరచెయ్యి పెడితే వెచ్చటి గాలి ఒకే వాటంగా తగులుతోంది. వాడు తనంతట తనే ఆట ఆపి లేచేదాకా బీచూ ఆపమనలేదు.

ప్లగ్గు తీసి, డబ్బాని మెత్తటి గుడ్డతో తుడిచింది. వేలిముద్రలు లేకుండా పువ్వు మరోసారి తుడిచింది. అడుగున రంధ్రాలు మూసుకుపోనివ్వకూడదని, పరుపు మీద పెట్టి ఆడకూడదని, బల్ల మీదే పెట్టాలని చెప్పింది.

"బస్సు టైమవుతోంది, పో. ఒళ్ళోనే పెట్టుకో, కింద పెట్టకు."

రెండు చేతులతో అందించింది. వాడు రెండు చేతులతో అందుకుని, తలవంచి, ఎర్ర డబ్బాని గుండెకి ఆనించుకుని సందు చివరికి నడిచాడు.