అండమాన్ జైల్లో మా చిన్నమ్మ

సర్కారు ఖర్చుతో దేశం చూసి రమ్మంటే తోటి ఉద్యోగులు ఊటీకి పోయారు. నేను మా చిన్నమ్మను వెంటబెట్టుకొని అండమాన్ జైలుకు పోయాను. ఆ ఆలోచన నాది కాదు. కోరుట్ల నుంచి సిరిసిల్లలో చిన్నమ్మ ఇంటికి పోయినప్పుడు సెలవు మాట ఎత్తాను. "అండమాన్ల జైలు చూపిస్తరట గద కొడుకా, గాడికే పోదాం" అన్నది.

కారణం నాకు తెలుసు. ఆమె ఒక్కగానొక్క కొడుకు అన్నల్లో కలిసి అడవిలో ఉన్నాడు. "పేపర్లో నాలుగు మాటలు చెప్పి వాణ్ణి రమ్మను, లొంగిపోతే జైలే తప్ప ప్రాణానికి ఢోకా లేదు" అని పోలీసులు ఆమెకు మర్యాదగా చెప్పి పంపారు. ఆ రోజుల్లో వాళ్లు మర్యాదగా మాట్లాడితే మాకు భయం ఎక్కువయ్యేది. చిన్నమ్మ ఔననలేదు, కాదనలేదు. కంటితో చూడని చోటికి కొడుకును ఎట్లా రమ్మంటుంది? ఇక్కడి జైలు చూస్తానంటే తననే లోపల ఉంచేసుకుంటారని అనుమానం. పాతబడిపోయిన జైలైతే ఆ బాధ లేదు.

అండమాన్ జైలు గేటు దగ్గర కాపలా మనిషి ఎందుకొచ్చారని ఊరికే అడిగాడు. చిన్నమ్మ తడుముకోకుండా "షాదీకి" అన్నది. జగిత్యాల, సిరిసిల్ల దారిలో బస్సు ఆపింది ఖాకీ బట్టల పోలీసులైనా ఆకుపచ్చ బట్టల అన్నలైనా మా జవాబు ఒకటే, పెండ్లికి పోతున్నం. ఆషాఢంలో కూడా మా దిక్కు పెండ్లిళ్లు ఆగలేదు.

గైడు గానుగ చూపించాడు, ఉరికంబం చూపించాడు. చిన్న గదిలోకి తీసుకుపోయి, లోపలి మనిషి చెయ్యి అందకుండా గొళ్లెం ఎంత దూరంగా పెట్టారో వర్ణించాడు. నేను తెలుగులో చెప్తున్నాను. మిగతా యాత్రికులు అయ్యయ్యో అంటున్నారు.

"పూటపూటకు బువ్వ పెట్టిండ్రటనా?" అన్నది చిన్నమ్మ.

అడిగాను. పెట్టేవారట, పురుగుల అన్నం.

"వానకు ఉరుస్తదా?"

ఈ ప్రశ్న గైడును ఇంతవరకు ఎవరూ అడిగినట్టు లేదు. కప్పు గట్టిదే, కురవదని కాస్త నొచ్చుకునే చెప్పాడు. చిన్నమ్మ గోడకు ఆనుకొని నేల మీద కూర్చుంది. కాళ్లు చాపి చూసుకుంది. గైడు ముందుకు సాగిపోయాడు.

"పండుకోవచ్చు" అన్నది.

"చిన్నమ్మా, ఇది మంచి జైలని కాదు చూపించేది."

"నాకు ఎరుకేరా. జైలైతే పోయి సూసి రావచ్చు. అడివిల ఉన్నోన్ని ఏడ సూడాలె? పేపర్ల ఫోటో వడ్డంకనా?"

లొంగిపోతామని బయల్దేరిన వాళ్లలో కొందరు జైలు దాకా చేరలేదని మా ఇద్దరికీ తెలుసు. "దారిల ఏమన్న అయితే?" అన్నాను.

"గందుకే నిన్ను ఎంబడి తోల్కపోత. నువ్వు మాట్లాడవడితే ఎసుంటోడైన నిద్రవోతడు గని తుపాకి వట్టడు."

తిరిగి వచ్చాక జగిత్యాలలో విలేకరి ముందు కూర్చొని ఆమె చెప్పింది రెండే మాటలు, "రా కొడుకా, జైలుకే రా." మిగతాదంతా ఆయన బాగానే రాసుకున్నాడు.

వాడు వచ్చాడు. లొంగిపోయిన వాణ్ణి జైలుకు తీసుకుపోతుంటే నేను వెంట ఉండి దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాను. జైల్లో వాణ్ణి కలవనిచ్చిన మొదటి మిలాఖత్ రోజు ఇనుప జాలీ అవతల నిలబడి, "నా ఇజ్జత్ తీసినవమ్మా, ఎందుకు పిలిచినవ్?" అని మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"సూద్దామని" అన్నది చిన్నమ్మ.

వాడు ఇటు తిరగలేదు. ఆమె తొందరపెట్టలేదు. టైమైపోయిందని జవాను అరిచేదాకా, కనబడుతున్న ఆ ఒక్క చెంపనే చూస్తూ నిలబడింది.