కూల్చే ముందు రాయించిన చరిత్ర

కోవిడ్ తగ్గి ఆఫీసులు మళ్లీ తెరుచుకున్న ఏడాది, సెప్టెంబరులో నన్ను బ్రిన్‌కారెగ్ అనే ఊరికి పంపారు. అప్పటికి నేను అమెరికాలో, వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో ఒక కన్సల్టింగ్ కంపెనీలో సీనియర్ ఆర్కిటెక్చరల్ హిస్టారియన్‌ని. పాత కట్టడాలను కొలిచి, ఫోటోలు తీసి, వాటి చరిత్ర రాయడం నా పని.

మా క్లయింటైన కరెంటు కంపెనీ డేటా సెంటర్ల కోసం ఆ ఊరి మీదుగా పెద్ద లైను, సబ్‌స్టేషన్ వేస్తోంది. లైను ఒక వాగు దాటాలి కాబట్టి ఫెడరల్ ప్రభుత్వ పర్మిట్ కావాలి. పర్మిట్ ఇచ్చే ముందు, దారిలో చారిత్రక స్థలాలున్నాయేమో చూడాలని చట్టం. ఉంటే, నష్టం తప్పించే మార్గం వెతకాలి. తప్పించలేమని తేలితే నష్టానికి బదులుగా ఏదైనా చేయాలి. దాన్నే మిటిగేషన్ అంటారు. చాలాసార్లు ఆ బదులు, పోబోయే ఊరి చరిత్ర రాయించడమే.

బ్రిన్‌కారెగ్ అంటే వెల్ష్ భాషలో రాతికొండ. వేల్స్‌లో పలక గనులు తవ్విన కుటుంబాలు వర్జీనియాకు వచ్చి ఇక్కడా పలకరాయే తవ్వాయి. ఇళ్ల కప్పులు, మెట్లు, సమాధులు అన్నీ ఆ నల్లరాయే. గనులు మూతపడ్డాక జనం వెళ్లిపోయారు. నేను వెళ్లేసరికి నాలుగైదు ఇళ్లు, చాపెల్ అని పిలిచే ఒక చిన్న చర్చి మిగిలాయి. చాపెల్ తాళాలు గ్వెన్ అనే ముసలావిడ దగ్గరుండేవి. భర్త పోయాక ఒంటరిగా ఉంటోంది.

మొదటిరోజు ఆమె నన్ను గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడింది. చాపెల్ తలుపు తీశాక హార్మోనియం మీద ఒక పాట వాయించింది. ఆ రాగం నేను చిన్నప్పుడు బాపట్లలో మా చర్చిలో తెలుగు మాటలతో పాడిందే. పాడి వినిపించాను. ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడని విషయం లేదు.

వాళ్ల నాయనమ్మ వెల్ష్‌లో తప్ప ప్రార్థన చేసేది కాదట. తండ్రి గనిదుమ్ము దగ్గుతో ఎలా పోయాడో చెప్పింది. ఒక మధ్యాహ్నం నన్ను చాపెల్ పక్క సమాధుల ప్రహరీ అవతలికి తీసుకెళ్లి, గడ్డిలో పేర్లు లేకుండా నిలబెట్టిన పలకలు చూపించింది. గనుల్లో రాయి మోసిన నల్లజాతి కూలీల సమాధులవి. "మావాళ్లు వీళ్లని గోడ లోపలికి రానివ్వలేదు. ఇది కూడా రాసుకో. మంచి సంగతులే రాస్తే అది చరిత్ర కాదు," అంది.

ఆ రోజే అడిగింది: "ఇదంతా రాస్తే కూల్చరు కదా?"

"గ్వెన్, నేను రాసేది నిర్ణయం కాదు. ఊరికి విలువ ఉందని నేను చెప్పగలను. ఆపమని చెప్పే అధికారం నాకు లేదు," అన్నాను.

తలూపింది. మర్నాడు మరిన్ని పాత ఫోటోలు తెచ్చి బల్లమీద పరిచింది. నా మాట చెవిన పడింది కానీ మనసు ఒప్పుకోలేదని అర్థమైంది.

ఊరు చారిత్రక స్థలాల జాతీయ రిజిస్టర్‌కు అర్హమని తేల్చాను. అంతటితో ఆగకుండా, లైనును, సబ్‌స్టేషన్‌ను పాత గని గుట్టల వైపు జరిపితే ఊరు మిగులుతుందని మ్యాపుతో సహా రిపోర్టులో ఒక అధ్యాయం పెట్టాను. మా ప్రాజెక్ట్ మేనేజర్ రమణ. నాకంటే చిన్నవాడు, హోదాలో పైవాడు. ఆదివారాలు ఇద్దరం ఒకే తెలుగు చర్చికి వెళ్లేవాళ్లం. రిపోర్టు చదివి, సైట్‌కి డ్రైవ్ చేస్తూ విషయం ఎత్తాడు.

"సుజాత గారూ, ఆ చాప్టర్ తీసేద్దామండీ. రూట్ మన స్కోప్‌లో లేదు."

"తప్పించే మార్గం వెతకాలనేగా రూలు?"

"వెతికేశామని క్లయింట్ ఆల్రెడీ రాసిచ్చేశాడు. మనం కాదంటే కాంట్రాక్ట్ వేరేవాళ్లకిస్తాడు. నా గ్రీన్ కార్డ్ ఈ కంపెనీ మీదే ఉందండీ. పిల్లలు ఇక్కడే స్కూల్లో ఉన్నారు. నన్నేం చేయమంటారు?"

నేను ఒప్పుకోలేదు. అతను తీసేశాడు. సంతకం పెట్టే అధికారం అతనిది. నా అభ్యంతరాన్ని చారిత్రక కట్టడాల రక్షణ చూసే రాష్ట్ర ప్రిజర్వేషన్ ఆఫీసుకి విడిగా రాసి పంపాను. ఫైల్లో చేర్చుకున్నామని జవాబిచ్చారు. అంతే.

కొన్ని నెలలకు పర్మిట్ ఇచ్చేవాళ్లకీ, క్లయింట్‌కీ, ప్రిజర్వేషన్ ఆఫీసుకీ మధ్య ఒప్పందం కుదిరింది. డాక్యుమెంటేషన్ అత్యుత్తమంగా ఉన్నందున బ్రిన్‌కారెగ్‌కు జరిగే నష్టం పరిష్కారమైనట్టు భావిస్తున్నామని అందులో ఉంది. ఆఫీసులో కేక్ కట్ చేశారు. నేను తినలేదు.

గ్వెన్‌కి స్వయంగా చెప్పడానికి వెళ్లాను. రిపోర్టు కాపీ చేతికిచ్చాను. పేజీలు తిప్పి నాయనమ్మ ఫోటో దగ్గర ఆగింది.

"బాగా రాశావు. ఇంత బాగా రాయకపోయుంటే మళ్లీ ఎవరినో పంపేవాళ్లు. ఇంకో ఏడాది ఉండేదాన్ని," అంది.

కోపంగా అనలేదు. కాఫీ ఇస్తుందేమోనని కాసేపు కూర్చున్నాను. ఇవ్వలేదు.

సమాధులను పద్ధతి ప్రకారం కౌంటీ శ్మశానానికి తరలించారు. ఇళ్లు, చాపెల్ తీసేశారు. గ్వెన్ రిచ్‌మండ్‌లో కూతురి అపార్ట్‌మెంట్‌కి వెళ్లింది. సబ్‌స్టేషన్ కంచె పక్కన ఒక సమాచార ఫలకం పెట్టారు. దాని కోసం నా చరిత్రను ఒక పేరాకి కుదించారు. కష్టజీవులైన వెల్ష్ గనికార్మికులు ఇక్కడ నివసించారని ఉంది. గోడ అవతలివాళ్ల ప్రస్తావన లేదు. ఆవిష్కరణకి రమ్మని గ్వెన్‌ని పిలిచాను. "ఆ బోర్డు చదవడానికి నేను అంత దూరం రావాలా?" అని ఫోన్ పెట్టేసింది.

రమణకి మరుసటి ఏడాది గ్రీన్ కార్డ్ వచ్చింది. చర్చిలో స్వీట్లు పంచాడు. నేనూ తీసుకున్నాను. అతని మీద నాకు కోపం లేదు, గౌరవమూ లేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ ఊరికి వెళ్లినా, రికార్డర్ ఆన్ చేయకముందే ఒక మాట చెప్పేదాన్ని: "మీరు చెప్పేవన్నీ ఉన్నదున్నట్టు రాస్తాను. కానీ ఈ చరిత్ర రాయిస్తున్నది మీ ఊరిని తీసేయబోతున్నవాళ్లు." కొందరు తలుపు వేసుకున్నారు. వాళ్ల ఊళ్ల చరిత్ర సరిగా రాయలేదని క్లయింట్ల నుంచి నా మీద కంప్లయింట్లు వచ్చాయి. ఆ పని అలాగే చేయాలని బ్రిన్‌కారెగ్‌లో నేర్చుకున్నాను.