బావ చేటలో బద్దలు

నా చిన్నప్పుడు మా పలాస వైపు ఎండాకాలం వచ్చిందంటే చాలా ఇళ్ల వసారాల్లో జీడిపప్పు పొట్టు తీసే పని ఉండేది. నేను ఐదో తరగతితో బడి మానేసి ఆ పనిలో కూర్చున్నాను. వేళ్లతో పొట్టు వలవాలి, పప్పు మాత్రం రెండు బద్దలుగా విరగకూడదు. బద్దలు ఎక్కువైతే షావుకారు అందరి ముందూ తిట్టేవాడు.

మా వసారాలో నాతో పాటు మా మేనత్త, ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఇంకో నలుగురు కూర్చునేవారు. వాళ్లెవరికీ చదవడం రాదు. అత్త ఎక్కడినుంచో అట్టలు ఊడిపోయిన డిటెక్టివ్ నవలలు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నువ్వు చదువు, నీ వంతు పప్పు మేం వలుస్తాం అంది. అలా నాకు పని తప్పింది, చదువు మిగిలింది. కూడబలుక్కుంటూ మొదలుపెట్టినదాన్ని, నెల తిరిగేసరికి గడగడా చదివేసేదాన్ని. వాటిలో మాటలన్నీ నాకు తెలిసినవే. ఒక పేజీ అయ్యేసరికి తర్వాతి పేజీ చెయ్యి పట్టుకు లాగేది.

మాకొక అలవాటు ఉండేది. కథలో భయం పుట్టే చోటు వస్తోందని అత్త ముందే పసిగట్టి, "సేతులాపండే" అనేది. భయంలో వేళ్లు బిగుసుకుపోతే పప్పు విరిగిపోతుంది మరి. అందరూ చేతులు ఒళ్లో పెట్టుకుని వినేవారు. గండం గడిచాకే మళ్లీ చేటలు ముందుకు జరిగేవి.

అత్త కొడుకు, అంటే మా బావ, విజయనగరంలో కాలేజీ చదువుతుండేవాడు. సెలవులకు వచ్చి నా చేతిలో పుస్తకం చూసి పగలబడి నవ్వాడు.

"ఇదేటి సదువే? ఇలాటివి సదివితే ఉన్న బుర్ర కూడా పోతాది. సాహిత్యమంటే ఏటో తెలుసా నీకు?"

తన పెట్టెలోంచి లావుపాటి పుస్తకం తీసిచ్చాడు. మర్నాడు అదే చదివాను. నోరు తిరగలేదు. పక్కింటి పిన్ని కునికిపాట్లు పడింది. నాకు తెలివి లేకే అర్థం కావడం లేదనుకుని సిగ్గుపడ్డాను. బావ అంతటితో ఊరుకోలేదు. పిల్ల చెడిపోతోందని మా నాన్నకి చెప్పాడు. చదువుకున్నవాడి మాటంటే నాన్నకి గురి. రేపు పొద్దున్న ఆ కాగితాలన్నీ పొయ్యిలో పెట్టేస్తానన్నాడు. బడి ఎలాగూ పోయింది. ఇవి కూడా పోతే నాకొచ్చిన నాలుగక్షరాలూ మర్చిపోతానని ఏడ్చాను.

అత్త ఎవరితోనూ వాదించలేదు. మర్నాడు పొద్దున్నే కొడుకుని పిలిచి, "పప్పు ఎక్కువొచ్చినాదిరా, ఓ సెయ్యెయ్యి" అని చేట ఇచ్చి కూర్చోబెట్టింది. బావకి చిన్నప్పటినుంచీ ఆ పని వచ్చు. పప్పు విరక్కుండా వలవడంలో తల్లిని మించినవాడు. నాతోనేమో, "ఆఖరిసారి సదివీయే కోడలా" అంది. బావ తనకేం పట్టనట్టు గోడవైపు తిరిగాడు.

మొదలుపెట్టాను. పాడుబడ్డ బంగళా. తాళం వేసిన గది. లోపలినుంచి దగ్గు. ఆ రోజు అత్త చేతులాపమనలేదు. అయినా ఆడవాళ్లంతా అలవాటుగా ఆపేశారు. ఒక్క బావ వేళ్లే ఆడుతున్నాయి. తలుపు దానంతటదే కదిలిందనే చోట అత్త నా చేతిలో పుస్తకం లాక్కుని కొంగులో చుట్టేసింది.

"లోపలున్నోడెవడే?" అన్నాడు బావ, గోడవైపు నుంచే.

అప్పుడే నాన్న ఆ పుస్తకాల కోసం బయటికొచ్చాడు. అత్త బావ ముందున్న చేట తీసి నాన్న చేతిలో పెట్టింది. నిండు పప్పు ఏడెనిమిదికి మించి లేదు. మిగతావన్నీ బద్దలే.

"సూడరా తమ్ముడా, నీ కాలేజీ మేనల్లుడు ఈ కత అసలు ఇననేలేదట!"

వసారా అంతా గొల్లుమంది. నాన్న కండువా నోటికి అడ్డం పెట్టుకుని, పొయ్యి మాట ఎత్తకుండా లోపలికి వెళ్లిపోయాడు. బావ చెవులు ఎర్రబడ్డాయి కానీ లేచి పోలేదు. "నవ్వింది సాలు గానీ, దాన్ని సదవనీయండే" అన్నాడు.

తర్వాత అత్త నా తల నిమురుతూ చెప్పింది. "ఆడి పుస్తకం గొప్పదే అయ్యుంటాది. దానికి నువ్వెదిగినప్పుడు సదువుకో. నీకు నచ్చినదాన్ని మాత్రం సిగ్గుపడి దాసీకు."

బావ ఇచ్చిన లావు పుస్తకం చాలా ఏళ్లకు పూర్తిగా చదివాను. బాగుంది. అట్టలు ఊడిన పుస్తకాలు లేకపోతే అక్కడిదాకా వెళ్లేదాన్నే కాదు, ఈ నాలుగు ముక్కలూ రాసేదాన్నీ కాదు. అక్షరం రాని అత్త నాకు చదువు నిలబెట్టింది.

ఇప్పుడు నా మనవరాలు ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదువుతోంది. మొన్న ఆమె స్నేహితురాలు ఇంటికొచ్చి, నా చేతిలో వారపత్రిక సీరియల్ చూసి, "ఇవి సదువుతారా మామ్మా?" అంది నవ్వుతూ. నేను పత్రిక దిండు కింద పెట్టలేదు. పక్కకి జరిగి, "కూకో అమ్మా, మొదట్నుంచి సెప్తాను" అన్నాను.