నరసమ్మ పెట్టె మీద లావు అక్షరాలు

1913వ సంవత్సరం. సముద్రం అవతలి చెరుకు దీవిలో, లౌతోకా పంచదార మిల్లులో గోనెసంచుల మీద గుర్తులు వేసే పనిలో ఉన్నాను. నా ఐదేళ్ల గిర్మిట్, అంటే కూలి ఒప్పందం, తీరిపోయింది. చెరుకు కొట్టడం కంటే చేతికి రంగు అంటడమే నయమనిపించి మిల్లులోనే ఉండిపోయాను. నాకంటే ముందు వచ్చిన తెలుగువాళ్లకు ఆ ఏడు పదేళ్లు నిండాయి. కావాలంటే సర్కారు ఖర్చుతో ఇంటికి వెళ్లిపోవచ్చు.

ముందు మా పని సంగతి కాస్త చెప్పాలి. పల్చటి జింకు రేకులో అక్షరం ఆకారాన్ని కత్తిరించి, సంచి మీద ఆనించి, రంగు వేస్తాం. ఆ రేకును స్టెన్సిల్ అంటారు. పుస్తకాల్లోని ఇంగ్లీషు అక్షరాల చివర్లకు సెరిఫ్‌లని సన్నటి కాళ్లుంటాయి. గోనె పీచు మీద అవి అలుక్కుపోతాయి. అందుకని మా స్టోరు దొర కాళ్లు తీసేయించి, గీతలు లావు చేయించి, మూలలన్నీ గుండ్రంగా నునుపు చేయించాడు. మూల వాడిగా ఉంటే రేకు అక్కడే చిరుగుతుంది. ఇంగ్లీషు ‘ఓ’ లాంటి అక్షరం మధ్యభాగం ఊడిపడకుండా రెండు చోట్ల కొద్దిగా రేకు కత్తిరించకుండా వదులుతాం. దాన్ని బ్రిడ్జి అంటారు. వానలో తడిసిన సంచి మీద కూడా మా అక్షరాలు అల్లంత దూరానికి కనబడేవి. ఆ విషయంలో నాకు కాస్త తలబిరుసు కూడా ఉండేది.

ఓడకు ఇంకా రెండు రోజులుందనగా పక్కనున్న లోవు అనే ఊరి నుంచి నరసమ్మ వచ్చింది. శ్రీకాకుళం వైపు మనిషి. నెత్తిన ఆకుపచ్చ రేకుపెట్టె. వెళ్లేవాళ్లంతా ఒకే కొట్లో ఆ ఆకుపచ్చ పెట్టెలే కొన్నారు. గుర్తు కోసమని అందరూ పసుపు గుడ్డే కట్టారు. ఇక గుర్తేముంది!

ఆమె భర్త పోయి నాలుగేళ్లు. మా కూలి లైన్ల దగ్గర కట్టెలు పేర్చి దహనం చేయనివ్వలేదు, పూడ్చారు. ఆ మట్టి గుప్పెడు మూటగట్టి, వంశధారలో కలపాలని పెట్టెలో పెట్టుకుంది. పెట్టె ఎవరి చేతిలోనైనా పడి తెరిస్తే, మట్టే కదా అని పారబోస్తారు. ఆమె భయం అదే.

“నాకు సదువు రాదు బాబూ. కళ్లు కూడా మసక. నాకు అగుపించేటట్టు పెట్టి మీద నా పేరు ఎయ్యి. ఈ పెట్టి తప్పిపోతే నా మనిసి రెండోసారి పోయినట్టే” అంది.

ఇదెంత పని అనుకున్నాను. దొరనడిగి రెండు రేకుముక్కలు తెచ్చాను. దర్జాగా ఉంటుందని తెలుగులో గీసిన ఆమె పేరుకు ఇంగ్లీషు అక్షరాల కాళ్లు తొడిగాను, కోసుగా మూలలు తీశాను. ఇంకా పెద్ద తప్పు, బ్రిడ్జి పెట్టలేదు. అక్షరం అంటే సరస్వతి, కాలు తగిలితే కళ్లకద్దుకునే జాతి మనది. ఇంగ్లీషు ‘ఓ’ను రోజూ ముక్కలు చేసే నాకు తెలుగు అక్షరాన్ని తెగ్గొట్టడానికి చెయ్యి రాలేదు. రకారం మధ్యభాగం కాస్తా ఊడిపడింది. అక్కడ రంగు ముద్దకట్టింది, కాళ్ల దగ్గర కారింది. ఒక రేకు పాడైంది.

నరసమ్మ మొహం పెట్టెకు ఆనించి చూసింది. కోప్పడలేదు. నేను సిగ్గుపడుతూ నా సంకోచం చెప్పాను.

“ముక్కలైతే అవనీ బాబూ. నాకు అగుపిస్తే సాలు. సరస్వతమ్మకు నేను దండం ఎట్టుకుంటానులే.”

గేటు దగ్గర దాలో అనే చేమదుంపలు అమ్ముకునే మెరె అనే కాయ్‌వీతీ ఆవిడ, ఈ దీవి మనిషి, మా తంటా చూసి లోపలికొచ్చింది. చెట్టుబెరడుతో చేసే మాసీ గుడ్డ మీద వాళ్లూ ఆకు కత్తిరించి అచ్చులు వేస్తారు. నా చేతిలో కుంచె లాక్కుని, గుడ్డపీలిక ఉండచుట్టి, రంగులో ముంచి, సగం తుడిచేసి, మెల్లగా తట్టి చూపించింది. “తోరా తోరా” అంటూ, కొంచెం కొంచెంగా అని తనకొచ్చిన హిందీలో చెప్పి నవ్వింది. ఇన్నేళ్లూ రంగు ఎక్కువైతేనే అచ్చు బాగా పడుతుందనుకున్నాను.

రెండో రేకులో కాళ్లు లేవు, మూలలు లేవు. తెలుగు అక్షరాలు పుట్టుకతోనే గుండ్రం కదా, వాటి దారిన వాటిని పోనిచ్చి గీత మాత్రం బొటనవేలంత లావు చేశాను. ప్రతి సున్నకూ బ్రిడ్జి వదిలాను. పాత మరక మీద ఆకుపచ్చ పూసి, ఆరాక తెల్లరంగు అద్దాను. నరసమ్మను పది అడుగుల దూరంలో నిలబెట్టాను. చాలాసేపు చూసి, వేలితో గాలిలో ఆ వంపులు దిద్దుకుంది. మర్నాడు మరో పాతికమంది పెట్టెలు మోసుకొచ్చారు. ప్రతివాళ్లనీ అలాగే నిలబెట్టి, కనబడుతోందా అని అడిగాను.

ఏడాది దాటాక ఉత్తరం వచ్చింది, ఎవరిచేతో రాయించింది. మద్రాసు రేవులో పెట్టెలన్నీ గుట్టగా పడేశారట. ‘గుమాస్తా పిలవకముందే అదుగో నాదని చూపించాను. మా మనిషిని ఏట్లో కలిపాను. నా జన్మకి నేను చదివింది ఆ ఒక్క మాటే బాబూ’ అని ఉంది.

సంచుల మధ్య కూర్చుని ఏడ్చాను. నా పనిని నేను అందం లెక్కలో చూసుకునేవాణ్ణి. దాని కోసం కళ్లు చికిలించుకుని వెతికే మనిషి ఒకరుంటారని నాకు చూపించింది నరసమ్మ. నాకు అక్షరాలు నేర్పిన పంతులుగారికి ఎంత మొక్కానో, ఆ చదువురాని తల్లికీ అంతే మొక్కుతున్నాను.