నిప్పంటని పరుపు

సునయన లోకల్ రైలెక్కిందంటే పక్క సీట్లో ఉన్నవాళ్ళు కొంచెం జరిగి కూర్చుంటారు. చెన్నైలో తిరువొత్తియూరు సముద్రపు ఒడ్డుకు చచ్చి కొట్టుకొచ్చే డాల్ఫిన్ల కొవ్వు కోసి ల్యాబ్‌లో పరీక్ష చేయడం ఆమె ఉద్యోగం. ఆ నీచువాసన ఎంత రుద్దినా చేతుల్ని వదలదు. అందుకే సంచిలో ఎప్పుడూ ఒక నిమ్మచెక్క ఉంటుంది. కిటికీ పక్కన కూర్చుని గోళ్ళ సందులు తోముకుంటూ తనలో తాను గొణుక్కుంటుంది: "పుట్టింది నీళ్ళలో, పెరిగింది నీళ్ళలో. దానికి నిప్పంటుకోకుండా మందెందుకు?" టీవీల్లో, పరుపుల్లో మంట అంటుకోకుండా కలిపే రసాయనం డాల్ఫిన్ కొవ్వులో కనబడ్డ ప్రతిసారీ ఆమెకు ఒళ్ళు మండిపోతుంది.

ఒకరోజు సాయంత్రం ఏడాది కొడుకును చంకనేసుకుని, వాడికి పరుపు కొందామని భర్త వంశీకృష్ణతో పురసవాక్కంలో ఒక కొట్టుకు వెళ్ళింది. సేల్స్‌మన్ నరేన్ లైటర్ వెలిగించి ఫోమ్ ముక్కకు పెట్టాడు.

"ఈడ చూడండి మేడమ్, అంటుకునిందా? అంటుకోదు! మందేసిన సరుకు."

"భలే ఉందే!" అన్నాడు వంశీకృష్ణ.

ఇంతలో పిల్లాడు పక్కనున్న ఇంకో ముక్క లాక్కుని నోట్లో పెట్టుకున్నాడు. సునయన చప్పున వాడి నోట్లోంచి పీకి అవతల పారేసింది.

"ఈ మందు ఎన్నాళ్ళుంటుంది?" అని అడిగింది.

"ఎన్నేళ్ళయినా పోదు మేడమ్. గ్యారంటీ!"

"పోదయ్యా, నాకు తెలుసు." ఆమె గొంతు కొట్టంతా వినబడింది. "ఈ పొద్దునే చూసొచ్చాను. తల్లిపాలు తప్ప ఇంకేమీ ఎరగని డాల్ఫిన్ పిల్ల కొవ్వులో."