మెడ మీద కత్తి ఉన్నంతసేపు

ఈ రోజు పొద్దున గడ్డం గీయించుకుందామని అనంతపురంలో ఎప్పుడూ వెళ్ళే సెలూన్‌కే వెళ్ళాను. అక్కడ పనిచేసే రఫీక్‌ది బెంగాల్. నాలుగేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాడు, మన యాసే మాట్లాడతాడు. అతను నా మెడ మీద కత్తి పెట్టాడో లేదో, టీవీలో చర్చ మొదలైంది. సరిహద్దు దాటి వచ్చినవాళ్ళ వల్ల దేశం తన గుర్తింపు పోగొట్టుకుంటోందా అని.

వెనక బెంచీ మీద తన వంతు కోసం కూర్చున్న మా వీధి నారాయణన్న గొంతు పెంచాడు.

"బెంగాల్ నుంచి వచ్చినామంటారు. అవతల దేశమోళ్ళో ఏమో, ఎవురికి తెలుసు? కార్డులు యాడైనా చేయిస్తారు. అందర్నీ తరిమేయల్ల. ఏమప్పా, చదువుకున్నోడివి, నువ్వు చెప్పు!"

అద్దంలో రఫీక్ నన్నే చూస్తున్నాడు. నేను మెడ కదపలేను, నోరు తెరవలేను. నిజం చెప్పాలంటే, ఆ కత్తి ఉన్నందుకు లోలోపల సంతోషించాను.

రఫీక్ మెల్లగా చేయి వెనక్కి తీసుకున్నాడు.

"చెప్పు సార్. కత్తి తీసినా."

సగం గడ్డం మీద నురగతో లేచి పోనూ లేను. నారాయణన్నతో రోజూ మొహం మొహం చూసుకోవాలి.

"కానియ్ రఫీక్, ఆఫీసుకు టైమైతాండాది" అన్నాను.

అతను మిగతా సగం గీశాడు. ఒక్క గాటు పడలేదు. నేను లేవగానే నారాయణన్న అదే కుర్చీలో కూర్చుని, మెడ వెనక్కి వాల్చి, హాయిగా కళ్ళు మూసుకున్నాడు.

సాయంత్రమైంది. నాకింకా ఆ కుర్చీలోంచి లేచినట్టు లేదు. రఫీక్ కత్తి తీసి అడిగినప్పుడు మీరైతే ఏం చెప్పేవాళ్ళు?